సైన్సు పాఠంలో తెరకు ఏం పని?

పదో తరగతి చదివే ఏ పిల్లవాడినైనా ఒక ప్రశ్న అడిగి చూడండి. ఒక బ్యాటరీకి ఒకేలాంటి రెండు బల్బులను ఒకదాని వెనుక ఒకటి కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది? ఓమ్ నియమం గడగడా అప్పజెప్పగలిగిన వాళ్లలోనూ చాలామంది మొదటి బల్బే అంటారు. కరెంటు ముందు దాని దగ్గరికే వెళ్తుంది, కొంత అక్కడ ఖర్చయిపోతుంది, మిగిలింది రెండోదానికి చేరుతుంది అన్నది వాళ్ల లెక్క. ఇది మన పిల్లలకు మాత్రమే పట్టిన పొరపాటు కాదు. భౌతికశాస్త్ర బోధన మీద పరిశోధించేవాళ్లు అనేక దేశాల్లో, కాలేజీ విద్యార్థుల్లో సైతం, ఇదే జవాబు వినిపిస్తోందని దశాబ్దాలుగా రాస్తున్నారు. సూత్రం వేరే అరలో, నమ్మకం వేరే అరలో ఉండిపోతాయి. పరీక్షలో మొదటి అర తెరుచుకుంటుంది, బతుకులో రెండోది.

ప్రయోగం చేసి చూపితే ఆ పొరపాటు పోతుందని అనుకుంటాం. బజారు నుంచి తెచ్చిన రెండు టార్చి బల్బులు, రెండు సెల్లు, నాలుగు తీగముక్కలతో చేసి చూపబోతే కథ అడ్డం తిరుగుతుంది. ఒకే డబ్బాలోంచి తీసినా రెండు బల్బులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి హోల్డరులో సరిగ్గా కూర్చోదు. తీగ కొస తుప్పు పట్టి ఉంటుంది. ఏదో ఒక బల్బు కాస్త మసకగా వెలుగుతుంది. అది రెండో బల్బే అయిందా, ‘చూశారా, నేను చెప్పలేదూ’ అంటాడు పిల్లవాడు. తప్పుడు నమ్మకానికి ప్రయోగమే సాక్ష్యం పలికినట్టవుతుంది. రెండూ సమానంగా వెలగాలి గానీ మన బల్బులు బాగాలేవని మాస్టారు సర్దిచెప్పి పాఠం ముందుకు జరుపుతారు. కంటితో చూసింది ఒకటి, నోట్సులో రాసుకున్నది ఇంకొకటి.

తెరకు నిజంగా పని పడేది ఇలాంటిచోటే. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ అనే పథకం మొదలుపెట్టారు. సైన్సు భావనలను విద్యార్థి స్వయంగా కదిపి, మార్చి, చెడగొట్టి చూసుకోగల సిమ్యులేషన్లు తయారుచేయడం దాని పని. వాటిలో సర్క్యూట్లు కట్టేది ఒకటి. బ్యాటరీ, తీగ, బల్బు అన్నీ పిల్లలే లాగి తెచ్చి కలుపుకుంటారు. తీగలో ఎలక్ట్రాన్లు పాకుతూ కనిపిస్తాయి. బల్బుకు ఇవతల ఎంత జోరుగా పోతున్నాయో అవతలా అంతే జోరు. అమ్మీటరు ఎక్కడ తగిలించినా ఒకటే రీడింగు. కరెంటు మధ్యలో తరిగిపోవడం లేదన్న సంగతి మాస్టారు చెప్పకముందే పిల్లవాడికి ఎదురొస్తుంది.

2005లో అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఫిజిక్సు తొలి కోర్సులో కొందరు విద్యార్థులు ల్యాబులో నిజమైన బల్బులు, తీగలు, మీటర్లతో పనిచేశారు. మిగతావాళ్లు సిమ్యులేషన్‌తో పనిచేశారు. ఆ తర్వాత అందరికీ అసలు సామాను ఇచ్చి సర్క్యూటు కట్టమన్నారు. అప్పటిదాకా తెర మీద మాత్రమే కట్టినవాళ్లు నిజమైన సర్క్యూటును కూడా త్వరగా కట్టేశారు. చివరి పరీక్షలో విద్యుత్తు భావనల మీద వచ్చిన ప్రశ్నలకు మెరుగైన జవాబులు రాశారు. చేత్తో చేసిందే చదువని నమ్మే నాలాంటివాళ్లకు ఇది మింగుడుపడని ఫలితమే. కానీ ఫలితం ఫలితమే.

దీన్ని పట్టుకుని ల్యాబులు మూసేయవచ్చని ఎవరైనా అంటే మాత్రం ఆగమనాలి. ఆ విద్యార్థులు తెర ముందు కూర్చుని పాఠం వినలేదు. తామే కట్టారు, తప్పు కట్టారు, విప్పి మళ్లీ కట్టారు. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో చెప్పే కాగితం చేతిలో ఉంది. మన తరగతి గదుల్లోకి ‘డిజిటల్ బోధన’ పేరుతో వస్తున్నదానిలో ఎక్కువ భాగం ఈ కోవకు చెందదు. అది వీడియో. గోడకు తగిలించిన పెద్ద తెర మీద ఎవరో అందంగా పాఠం చెబుతుంటారు. పిల్లలు చూస్తారు, బాగుందంటారు, ఇంటికి వెళ్తారు.

చూస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా లెక్కలున్నాయి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం 2004లో ఒక పరిశోధన వెలువరించింది. తరగతిలో ప్రొఫెసర్ చేసి చూపే ప్రయోగాల వల్ల విద్యార్థులకు ఏం ఒరుగుతోందన్నది వాళ్ల ప్రశ్న. ప్రదర్శన అసలు చూడని బృందంలో తర్వాత సరైన వివరణ ఇవ్వగలిగినవాళ్లు 22 శాతం. చూసిన బృందంలో 24 శాతం. అంత హంగామాకూ దక్కింది రెండు శాతం! అదే ప్రదర్శనకు ముందు ‘ఏం జరుగుతుందనుకుంటున్నారు’ అని అడిగి, విద్యార్థుల అంచనా తీసుకున్నచోట అది 30 శాతానికి చేరింది. అంచనా వేసి, చూసి, పక్కవాళ్లతో చర్చించినచోట 32. ముందుగా అంచనా అడగడానికి పట్టిన అదనపు సమయం రెండు మూడు నిమిషాలకు మించదు. ఈ అంకెలు చూశాక కోట్ల రూపాయల పరికరాల గురించి మాట్లాడేటప్పుడు నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలనిపిస్తుంది.

యూట్యూబ్‌లో ‘వెరిటాసియం’ చానల్‌తో లక్షలాది ప్రేక్షకులకు తెలిసిన డెరెక్ ముల్లర్, సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో పూర్తిచేసిన పీహెచ్‌డీ సరిగ్గా దీని మీదే. భౌతికశాస్త్ర వీడియోలు ఎలా ఉంటే పిల్లలు నేర్చుకుంటారన్నది ఆయన అంశం. సాఫీగా, స్పష్టంగా వివరించిన వీడియో చూసినవాళ్లు చాలా బాగా అర్థమైందన్నారు. పరీక్షలో మాత్రం చూడకముందు ఎలా ఉన్నారో దాదాపు అలాగే ఉన్నారు. తమకు ముందే తెలిసిన విషయమే వీడియో చెప్పిందనుకుని తమ పాత పొరపాటును భద్రంగా వెంట తీసుకెళ్లారు. సాధారణంగా పడే పొరపాటును ముందు పెట్టి, దాన్ని తర్కించి విడగొట్టిన వీడియో చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు. మార్కులు పెరిగింది వాళ్లకే. కాబట్టి ‘పిల్లలకు బాగా నచ్చింది సార్’ అన్న ఫీడ్‌బ్యాక్ కాగితాలను చూసి ఒక డిజిటల్ పాఠాన్ని మెచ్చుకోవడం ప్రమాదకరం. నచ్చడం వేరు, నాటుకోవడం వేరు.

అరువు తెరల చరిత్ర

తరగతి గదికి కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా విప్లవం వచ్చేసిందని ప్రకటించడం పాత అలవాటు. 1913లోనే థామస్ ఎడిసన్ సినిమా రాకతో బడుల్లో పాఠ్యపుస్తకాలకు కాలం చెల్లినట్టేనని చెప్పారు. పుస్తకాలు నిక్షేపంలా ఉన్నాయి. ఎడిసన్ ప్రొజెక్టర్లు మ్యూజియంలో ఉన్నాయి.

ఈ చరిత్రలో మనకూ ఒక అధ్యాయం ఉంది, గర్వించదగ్గదే. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఇస్రో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిపింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. కరెంటే సరిగ్గా లేని ఊళ్లలో ఉదయం బడిపిల్లలకు హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు భాషల్లో కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో సైన్సుకు పెద్దపీట వేశారు. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రానికి అప్పుడు యశ్‌పాల్ సారథి. పిల్లవాడి చుట్టూ ఉన్న వస్తువులతోనే సైన్సు మొదలవ్వాలని జీవితాంతం వాదించిన మనిషి. ఆ ఏడాదిలో జరిగిన ఇంకో పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. టీవీ, రేడియో, అచ్చు పాఠాలు, చేసి చూసే పనులు కలిపి దాదాపు 50 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. తెరను పిల్లల కంటే ముందు మాస్టారికి చూపించాలన్న ఇంగితం అర్ధశతాబ్దం కిందట ఉంది.

అయితే ఆ ఉపగ్రహం మనది కాదు. నాసా వారి ఏటీఎస్-6. ఏడాదికి అరువిచ్చారు, గడువు తీరగానే వెనక్కి తీసుకున్నారు. టీవీ పెట్టెలు మిగిలాయి, ఆకాశంలో ప్రసారం చేసేది పోయింది. విద్య కోసమే ప్రత్యేకించిన ‘ఎడ్యుశాట్’ను సొంతంగా శ్రీహరికోట నుంచి పంపడానికి 2004 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత తెలంగాణలో టీ-శాట్ విద్యా చానళ్లు వచ్చాయి. కొవిడ్ కాలంలో దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లు పాఠాలు చెప్పాయి.

అరువు ఉపగ్రహం కథ 2022లో ఇంకో రూపంలో తిరిగి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ అనే ఆన్‌లైన్ పాఠాల సంస్థతో ఒప్పందం చేసుకుంది. డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి దాదాపు 5.18 లక్షలు. పరికరాల ఖర్చు 686 కోట్లని అప్పటి ప్రభుత్వమే చెప్పింది. అంటే ఒక్కో ట్యాబ్‌కు 13 వేల రూపాయల పైమాట. లోపల పాఠాలు కంపెనీవి. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియకు జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ అనుమతించింది. ఏ పార్టీ ప్రభుత్వం చేసింది, ఎందుకు చేసింది అన్న చర్చ రాజకీయ పేజీలో జరుగుతూనే ఉంటుంది. విద్య వైపు నుంచి అడగాల్సింది ఒకటే. ప్రజాధనంతో కొన్న పరికరం లోపల ఉన్న పాఠం ఎవరి సొత్తు? దాన్ని దిద్దే హక్కు, పై ఏడాది సిలబస్ మారితే మార్చుకునే హక్కు మాస్టారికి ఉందా? రాష్ట్రం పదో తరగతిని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు మార్చుకున్నది 2024-25లో. అరువు పాఠం ఆ మార్పును ఎలా అందుకుంటుంది?

ఉచితంగా, ఎవరి అనుమతీ అడగకుండా, ఇంటర్నెట్ లేకపోయినా ఒకసారి దింపుకుని వాడుకోగలిగిన సరంజామా ఎదురుగా ఉండగా ఈ అవస్థ. ఫెట్ సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి తయారుచేసిన ‘ఓల్యాబ్స్’ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ప్రయోగాలు చూపుతుంది. రాత్రి ఆకాశాన్ని పగలే తరగతిలో పరిచే ‘స్టెలేరియం’ ఉచితం. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, ఎంఐటీ, టాటా ట్రస్టులు 2015లో మొదలుపెట్టిన ‘క్లిక్స్’ కార్యక్రమం తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠాంశాలతో నడిచింది. ఒక కంప్యూటర్ ముందు ఒక్కరిని కాక ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, మాట్లాడుకుంటూ పనిచేసేలా దాన్ని రూపొందించారు. యంత్రాలు చాలక కూర్చోబెట్టారనుకునేరు, చర్చ కోసమే ఆ ఏర్పాటు. తలకొక ట్యాబ్ ఇచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, తరగతిని నిశ్శబ్దం చేసే పద్ధతికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

తలకొక యంత్రం ఎక్కడ పనికొచ్చిందో కూడా చెప్పుకోవాలి. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే కంప్యూటర్ బోధన కార్యక్రమం మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధమైంది. నాలుగున్నర నెలల్లోనే పిల్లల లెక్కలు, హిందీ చెప్పుకోదగ్గంత మెరుగుపడ్డాయి. ఏడో తరగతిలో కూర్చుని నాలుగో తరగతి లెక్క రాని పిల్లవాడికి ఆ నాలుగో తరగతి లెక్కే ఇవ్వడం దాని కిటుకు. నలభై మంది నలభై మెట్ల మీద ఉన్న గదిలో ఒక మాస్టారు చేయలేని పని అది. కానీ అది లెక్కలు, భాష. సైన్సు సంగతి వేరు. అక్కడ కసరత్తు కంటే ముందు ప్రపంచాన్ని నిలదీయడం ఉంటుంది. లెక్కల విజయాన్ని చూపి సైన్సు ట్యాబ్‌లు అమ్మేవాళ్ల మాట జాగ్రత్తగా వినాలి.

జేబులో ఉన్న ల్యాబు

చూపించే తెరల మీద ఇంత డబ్బు కుమ్మరించి, కొలిచే పరికరాన్ని మనం పట్టించుకోలేదు. అది మాస్టారి జేబులోనే ఉంది. సాధారణ స్మార్ట్‌ఫోన్‌లో త్వరణం కొలిచేది, అయస్కాంత క్షేత్రం కొలిచేది, వెలుతురు కొలిచేది, శబ్దం పట్టేది ఇలా అరడజను సెన్సర్లుంటాయి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్ ఆ సెన్సర్ల రీడింగులను నేరుగా చేతికిస్తుంది.

ఒక ఉదాహరణ. తొమ్మిదో తరగతి పుస్తకంలో గాలిలో ధ్వని వేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లని ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పడతారు. కొలవడం సాధ్యమని వాళ్లకు తట్టదు. చేతి స్టాప్‌వాచీతో నిజంగానే సాధ్యం కాదు. చప్పుడు విని మీట నొక్కేసరికే సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. వరండాలో పది మీటర్ల దూరంలో రెండు ఫోన్లు పెట్టండి. రెండింటిలోనూ శబ్దం వినగానే నడిచి, మళ్లీ శబ్దం వినగానే ఆగే స్టాప్‌వాచీ పెట్టండి. మొదటి ఫోన్ పక్కన ఒకరు చప్పట కొడతారు. ఆ ఫోన్ వెంటనే, రెండోది ధ్వని పది మీటర్లు ప్రయాణించి వచ్చాక మొదలవుతాయి. ఇప్పుడు రెండో ఫోన్ పక్కన ఇంకొకరు చప్పట కొడతారు. ఈసారి రెండో ఫోన్ ముందు ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా. రెండు రీడింగుల తేడా ధ్వని ఇరవై మీటర్లు పోవడానికి పట్టిన కాలం. దాదాపు 0.058 సెకను. ఇరవైని దానితో భాగించండి. పుస్తకంలోని అంకె వరండాలో దొరుకుతుంది.

అక్కడితో ఆగనక్కర్లేదు. గాలి వేడెక్కితే ధ్వని జోరు పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో ఐదు డిగ్రీలుంటే వేగం 334 దగ్గర ఉండాలి. ఏప్రిల్‌లో ఒంటిపూట బడి వదిలే వేళకు రెంటచింతలలో నలభై డిగ్రీలుంటే 355 దగ్గర ఉండాలి. ఈ రెండు ఊళ్ల బడులు తమ కొలతలు ఇచ్చిపుచ్చుకుంటే? పది మీటర్ల వరండాలో రెండింటి రీడింగుల మధ్య తేడా సెకనులో వెయ్యోవంతులు మూడో నాలుగో. ఒక్కసారి కొలిస్తే చేతి పొరపాట్లలో కలిసిపోతుంది. ఇరవైసార్లు చప్పట్లు కొట్టాలి, సగటు తీయాలి. దూరం పెంచుకుంటే ఇంకా మంచిది. సగటు ఎందుకు తీస్తారు, కొలతలో పొరపాటు ఎంత ఉండవచ్చు, మన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలు అక్కడ వాటంతటవే పుడతాయి. పాఠ్యపుస్తకమూ వీడియో పాఠమూ ఎన్నడూ పుట్టించలేని ప్రశ్నలు అవి. సిమ్యులేషన్‌కు ఉన్న పెద్ద లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. తెర మీది మీటరు పొడవు లోలకం ఎన్నిసార్లు ఊపినా ఒకే ఆవర్తన కాలం చూపిస్తుంది. నిజమైన దారం, నిజమైన గుండు అలా ఎప్పుడూ చూపవు. సిమ్యులేషన్ మాత్రమే చూసి పెరిగినవాడికి ప్రకృతి ఎప్పుడూ గుండ్రటి అంకెల్లో మాట్లాడుతుందన్న భ్రమ మిగులుతుంది.

అందుకే కంటికి ఆననంత చిన్నవి, ఊహకు అందనంత పెద్దవి, చేస్తే చేయి కాలేవి, వేల ఏళ్లు పట్టేవి తెరకు వదిలేద్దాం. వాయు అణువుల పరుగు, పరమాణు నిర్మాణం, రేడియోధార్మిక క్షీణత, ప్రకృతి వరణం అలాంటివి. జంతుశాస్త్ర ప్రాక్టికల్స్‌లో కోతలు ఆపమని యూజీసీ 2014లో చెప్పాక కప్ప లోపలి అవయవాలు తెర మీద చూడటమే న్యాయం. ఉల్లిపొర, పిన్‌హోల్ కెమెరా, లిట్మస్ కాగితం, అద్దం, కటకం మాత్రం చేతుల్లోనే ఉండాలి. ఉల్లిపొరను సైతం వీడియోలో చూపించే బడులున్నాయంటే ఏమనాలి? పక్కనే మధ్యాహ్న భోజనం వంటగదిలో బస్తా ఉల్లిపాయలుంటాయి!

బల్బుల పాఠానికి మళ్లీ వద్దాం. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఏం చేయవచ్చు? మొదట ప్రశ్న, ప్రతి ఒక్కరూ నోట్సులో తమ అంచనా రాయాలి. ఎందుకలా అనుకుంటున్నారో పక్కవాళ్లతో వాదించుకోవాలి. తర్వాత నిజమైన బల్బులు. ఒకటి మసకగా వెలిగితే మంచిదే, రెండింటి స్థానాలు మార్చి చూడమనండి. మసక బల్బు ఎక్కడ పెట్టినా మసకగానే ఉందంటే తప్పు స్థానానిది కాదు, బల్బుదే. ఇక్కడ సిమ్యులేషన్ తెరిచి, ఎలక్ట్రాన్లు ఎక్కడైనా తగ్గిపోతున్నాయేమో వెతకమనాలి. ఒకే ఒక స్మార్ట్ టీవీ ఉన్నా చాలు, మౌసు మాస్టారి చేతిలో కాక పిల్లల చేతిలో ఉంటే. ఒక ట్యాబ్ ధరకు తరగతి మొత్తానికీ సరిపడా బల్బులు, హోల్డర్లు, సెల్లు, తీగలు, కటకాలు వస్తాయి. మాస్టారు ఈ పాఠాన్ని ఒకసారి సాటి ఉపాధ్యాయులతో కలిసి చేసి చూసి ఉండాలి, అంతే.

ఆ ‘అంతే’ దగ్గరే బండి ఆగిపోతుంది. సైన్సు మాస్టారి ఫోన్‌కు ఈ రోజుల్లో తీరిక లేదు. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోల యాప్ కూడా. డిజిటల్ విద్య పేరిట డిజిటల్ గుమాస్తాగిరీ పెరిగింది. ఐఎఫ్‌పీ అనే స్పర్శతో పనిచేసే పెద్ద తెర బిగించిన రోజు ఎలా తెరవాలో చూపిస్తారు, విద్యుత్తు పాఠాన్ని దానితో ఎలా చెప్పాలో చూపించరు. దేశంలో కేంద్ర విద్యాశాఖ సేకరించే 2023-24 యూడైస్ లెక్కల ప్రకారం పనిచేసే కంప్యూటరున్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. ఆ బడుల్లో కంప్యూటర్ రోజుకు ఎన్ని నిమిషాలు పిల్లల చేతుల్లో ఉందన్నది ఈ అంకెలు చెప్పవు. ఇళ్లలో పరిస్థితి వేరు. అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. ఫోన్ వాడకం వాళ్లకు మనం నేర్పనక్కర్లేదు, దాన్ని కొలిచే పరికరంగా చూడటం మాత్రం బడి నేర్పాలి. తరగతుల్లోకి పిల్లల ఫోన్లు రానివ్వకపోవడం సబబే. ధ్వని వేగం కొలవడానికి మాస్టారిది ఒకటి, హెచ్‌ఎం గారిది ఒకటి చాలు.

ఇక భాష. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్‌తో ద్విభాషా పుస్తకాలిచ్చారు. మంచి పని. డిజిటల్ పాఠాలకు ఆ మర్యాద అన్నిచోట్లా దక్కలేదు. అంచనా వేయడం, పక్కవాడితో వాదించడం, ‘నువ్వన్నది తప్పురా’ అనడం పిల్లవాడికి వచ్చేది సొంత భాషలో. మజూర్ ప్రయోగంలో సరైన వివరణలు పెంచింది ముఖ్యంగా ఆ అంచనా, ఆపైన కాస్త ఆ వాదన. తెర మీద వాక్యం ఏ భాషలో ఉన్నా, తెర ముందు గోల తెలుగులో సాగనివ్వాలి. ఆ గోలను అల్లరిగా లెక్కగట్టే తనిఖీ అధికారులు ముందు తమ ఫారాలు మార్చుకోవాలి.

పరీక్ష మారకపోతే ఇవేవీ నిలబడవు. మన రాష్ట్రాల పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పిల్లవాడు చేసి చూపాల్సిన ప్రాక్టికల్ లేదు. అంతర్గత మార్కుల కోసం రాసే ప్రాజెక్టు పనులు అచ్చయిన గైడ్లలో దొరుకుతాయి, ఇప్పుడు చాట్‌బాట్ అరనిమిషంలో రాసిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలై, తర్వాత ‘ఏకలవ్య’ సంస్థ చేతుల్లో ఎదిగిన సైన్సు బోధన కార్యక్రమం ఈ ముడిని అప్పుడే విప్పింది. అక్కడి పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకుని పరీక్ష రాసేవారు, ప్రయోగం చేసి మార్కులు తెచ్చుకునేవారు. మాస్టార్లు నెలనెలా కలిసి తమ అనుభవాలు పంచుకునేవారు. ‘సవాలీరామ్’ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు ఉత్తరాల్లో ప్రశ్నలు పంపితే జవాబులు వచ్చేవి. ముప్ఫై ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. ట్యాబ్ లేదు, ప్యానెల్ లేదు, ఉన్నది పద్ధతి. మన దగ్గర ఇప్పుడు పరికరాలున్నాయి, పద్ధతి అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. ఇకమీదట ప్రజాధనంతో కొనే ఏ డిజిటల్ పాఠమైనా మాస్టార్లు దిద్దుకోగలిగేదిగా, కంపెనీ ఉన్నా లేకున్నా బడి దగ్గర ఉండిపోయేదిగా ఉండాలని టెండర్‌లోనే రాయాలి. పరికరాల బడ్జెట్‌లో ఒక వాటా మరమ్మతులకు, ఒక వాటా ఉపాధ్యాయుల నెలవారీ కలయికలకు కేటాయించాలి. కొత్త తెరలు కొనే ముందు పాత తెరల మీద పిల్లల వేళ్లు ఎంతసేపు పడుతున్నాయో లెక్క తీయాలి. పదో తరగతిలో చిన్నదైనా సరే, ఒక ప్రాక్టికల్ పెట్టాలి. అటల్ టింకరింగ్ ల్యాబులను వచ్చే ఐదేళ్లలో మరో 50 వేలు పెంచుతామని కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. వాటి తాళంచెవి సైన్సు మాస్టారి దగ్గర ఉంటుందో, బీరువాలో ఉంటుందో అన్నదాని మీదే ఆ డబ్బు విలువ ఆధారపడి ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈసారి మెగా పేరెంట్-టీచర్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు బడిలో ఎన్ని స్మార్ట్ టీవీలున్నాయని అడగకండి. ఈ నెలలో మా అమ్మాయి తన చేత్తో ఏం కొలిచింది, ఏం అంచనా వేసి తప్పింది అని అడగండి. ఆ పేజీ తెరిచి చూపించమనండి.